పావుకోళ్ల వారి పత్రిక

ఒక పత్రిక చేయగల నేరాలలో అతి పెద్దది జనానికి అర్థం కావడం. ఫిలిప్పీన్స్‌లోని టగాలోగ్ పత్రిక ‘లివాయ్‌వాయ్’ ఈ నేరాన్ని 1922 నుంచి చేస్తూనే ఉంది గనుక, దాని చరిత్రను పెద్దమనుషుల పక్షాన నమోదు చేయక తప్పడం లేదు.

మనీలాలో రామోన్ రోసెస్ మొదట ‘ఫోటో న్యూస్’ అనే పత్రిక పెట్టారు. పాత దొరల స్పానిష్, కొత్త దొరల ఇంగ్లీషు, ఇంట్లో మాట్లాడుకునే టగాలోగ్ మూడూ అందులో ఉండేవి. ఏ పేజీ అర్థం కాకపోయినా పత్రిక చేతిలో ఉన్నందుకు గౌరవం దక్కేది. ఇంతటి ఏర్పాటు అమ్ముడుపోలేదన్న చిన్న కారణానికి ఆయన దొరల భాషలు రెండింటినీ తీసేసి, ‘అరుణోదయం’ అని అర్థమొచ్చే ‘లివాయ్‌వాయ్’ పేరుతో ఇంటి భాషనే మిగిల్చారు.

అక్కడి నుంచి పతనమే. 1925లో, అరవై దాటిన సంపాదకుడు సెవెరినో రెయెస్ తాను రాసిన జానపద కథలను ‘లోలా బస్యాంగ్’ అనే బామ్మ చెప్పినట్టుగా అచ్చువేశారు. ఆడపేర్లతో సీరియళ్లు రాసిన మగవాళ్లను వారపత్రికల్లో చూసిన తెలుగువాళ్లకు ఇది వింత కాదు గానీ, అక్కడ పిల్లలూ పెద్దలూ ఆ బామ్మనే నమ్ముకున్నారు. 1929లో టోనీ వెలాస్కెజ్ గీసిన బొమ్మల కథ నాయకుడు కెంకోయ్ దిగాడు. నూనె పెట్టి వెనక్కి దువ్విన జుట్టు, వదులు ప్యాంటు, నిగనిగలాడే బూట్లు. నోరు తెరిస్తే టగాలోగ్‌లో కలిపి ఖూనీ చేసిన ఇంగ్లీషు. అమెరికన్లు పాతికేళ్లకు పైగా బళ్లు పెట్టి నేర్పిన చదువు ఇలా తేలింది. చివరికి ‘కెంకోయ్’ అంటే వేళాకోళపు మనిషి అనే మాటే భాషలో స్థిరపడింది.

జపాన్ ఆక్రమణ కాలంలో ఇంగ్లీషుకు గడ్డురోజులు వచ్చి, ఆ భాషలో రాసే ఘనులు కొందరు సొంత భాషలో ఈ పత్రికకు కథలు రాయవలసిన దుస్థితిలో పడ్డారు. ఇంకా దారుణమేమిటంటే, ఆ కథలు బాగున్నాయి.

ఇలాంటి అభిరుచిని అక్కడి విద్యావంతులు ‘బక్యా’ అని ఈసడిస్తారు. బక్యా అంటే పల్లెజనం తొడుక్కునే చెక్క పావుకోళ్లు. మన పావుకోళ్లు సింహాసనమెక్కి పద్నాలుగేళ్లు అయోధ్యను ఏలాయని వారికెవరూ చెప్పలేదు కాబోలు.

2022లో ఆ పత్రికకు నూరేళ్లు నిండాయి. తెలుగులో ఈ మాటకున్న అర్థం దానికీ ఎవరూ చెప్పినట్టు లేదు. ఇంకా అచ్చవుతూనే ఉంది.