ఒక ఎక్సెల్ షీటుకు జెరాక్స్ షాపువాడి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఎక్సెల్ షీటు గారి దివ్య సముఖానికి,

నెల్లూరు జిల్లా ఉదయగిరిలో జెరాక్స్, లామినేషన్, ఆన్‌లైన్ దరఖాస్తుల షాపు నడుపుకునే నేను నమస్కరించి వ్రాయునది ఏమనగా.

తమరి పూర్తి పేరు 'స్టూడెంట్స్ డేటా ఫైనల్ న్యూ కరెక్టెడ్ 3'. ఇంటిపేరు ఒక విద్యా సేవాసంస్థది. ఆ పేరు ఇక్కడ రాయను. తమరిలో పిల్లల పేర్లు రాసినంత సులువుగా నేను సంస్థ పేరు రాస్తే పరువునష్టం అంటారు.

మనకు పరిచయం ఎలా అయిందో తమరికి గుర్తుండకపోవచ్చు. తమరు తిరిగిన ఫోన్లు ఒకటా రెండా! బడులు తెరిచిన రోజులు. సంస్థ కోఆర్డినేటర్ కుర్రాడు బైకు దిగకుండానే, "అన్నా, నీ వాట్సాప్‌కి ఒక ఫైల్ కొట్టా. ఏ3లో ఒక్క కాపీ తీసిపెట్టు, మొత్తం ఒకే పేజీలో రావాల. నెల్లూరు నుంచి సార్లు వస్తున్నారు" అని చెప్పి వెళ్ళిపోయాడు. నా షాపు నెంబరు షట్టర్ మీదే రాసుంటుంది. హాల్ టికెట్లు, పెళ్ళి పత్రికలు, పొలం పాసు పుస్తకాలు, ఊళ్ళో అందరి పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు అందులోకే వస్తాయి. వాటి మధ్యలోకి తమరు దిగారు.

తెరిచి చూస్తే 'ఏ' అనే అక్షరం కాలమ్ దగ్గర మొదలై, జెడ్ దాటి, ఏజీ దాకా పరుచుకుని ఉన్నారు. ఒకే పేజీలో పట్టిద్దామంటే అక్షరాలు చీమల్లా అయిపోయాయి. ఏ కాలమ్ సన్నం చేయాలి, ఏది పక్కకు జరపాలి అని చూసుకునే పనిలో తమరిని అడ్డంగా, నిలువుగా మొత్తం చదవాల్సి వచ్చింది. కళ్ళు మూసుకుని మార్జిన్లు సెట్ చేయడం మా వృత్తిలో కుదరదు.

పేరు, తరగతి, బడి. బాగానే ఉంది. ఆ తర్వాత బిడ్డ ఆధార్, తల్లి ఆధార్, తండ్రి ఆధార్, రేషన్ కార్డు, కులం, అందులో శాఖ, బ్యాంకు ఖాతా, ఇంటికి గుర్తు. ఇంకా ముందుకు పోతే 'తండ్రి: ఉన్నాడా, లేడా, వదిలేశాడా'. దాని పక్కన 'తండ్రి అలవాట్లు'. దాని పక్కన 'ఇంట్లో గొడవలు'. బడిలో చేరడానికి ఆధార్ తప్పనిసరి కాదని సుప్రీంకోర్టు 2018లోనే చెప్పింది. మీ సంస్థ ఇచ్చే నోటు పుస్తకాలకు మాత్రం ఇంటిల్లిపాది ఆధార్లు కావాలి, తండ్రి ఏ బ్రాందీ షాపు ముందు కూర్చుంటాడో కూడా కావాలి.

చిట్టచివర ఏజీలో 'రిమార్క్స్'. అది నింపిన మనిషికి నిజమే రాయమని ఎవరో గట్టిగా చెప్పినట్టున్నారు. ఒక ఆడపిల్ల పేరుకు ఎదురుగా ఇలా ఉంది: 'తల్లి బెంగళూరులో బిల్డింగ్ పని. అవ్వ దగ్గర ఉంటది. లెక్కల్లో ఫస్ట్. నాన్న గురించి అడిగితే ఏడుస్తది. ఫొటోకి బాగుంటది.'

ఆ చివరి రెండు ముక్కలూ పక్కపక్కనే ఉన్నాయి. మధ్యలో ఒక చుక్క, ఒక ఖాళీ. రాసినాయన ఎక్కడా తడబడినట్టు లేదు.

ఒక్క విషయంలో తమరిని మెచ్చుకోవాలి. ఆధార్ కాలమ్‌లో 12 అంకెలు కొట్టగానే తమరు దాన్ని పాయింటు, ఇ, ప్లస్, పదకొండు అంటూ లెక్కల మాస్టారికి తప్ప ఇంకెవరికీ అర్థం కాని గుర్తుల్లోకి మార్చేశారు. ఖాతా నెంబరు మొదట్లో సున్నాలుంటే మింగేశారు. ఎక్కడైనా 16 అంకెలు పడితే చివరి అంకెను సున్నా చేశారు. ఈ మొత్తం వ్యవహారంలో ఆ పిల్లల వివరాలు దాచడానికి ప్రయత్నించింది తమరొక్కరే. అది కూడా కోఆర్డినేటర్ కంట్లో పడింది. "నెంబర్లు నెంబర్లలా కనపడాల అన్నా" అని దగ్గరుండి సరిచేయించాడు.

మాస్క్‌డ్ ఆధార్ అని ఒకటుంది. మొదటి 8 అంకెలు మూసేసి చివరి 4 మాత్రం చూపిస్తుంది. ఆధార్ వెబ్‌సైట్‌లోనే దొరుకుతుంది, పైసా ఖర్చు లేదు. నేను అది తీసిస్తే మనుషులు సాయంత్రానికి వెనక్కి తెస్తారు. "ఏంది సామీ, నీ ప్రింటర్‌లో ఇంకు అయిపోయిందా? నెంబరు సగం పడలేదంట, ఆఫీసులో తీసుకోలేదు."

ఇక తమరికి నెల్లూరులో ఒక అక్కగారున్నారు. ఆవిడ పేరు ప్రైవసీ పాలసీ. సంస్థ వెబ్‌సైట్ అడుగున సన్న అక్షరాల్లో కాపురం. ఉదయగిరి ఎప్పుడూ రాలేదు, తెలుగు రాదు. 'మీ గోప్యత మాకు ఎంతో విలువైనది' అని మొదలుపెట్టి కుకీల గురించి పేరాలకు పేరాలు చెబుతుంది. వేలిముద్రల గురించి ఒక్క ముక్క లేదు. మధ్యలో కాలిఫోర్నియా నివాసుల హక్కులని ఒక భాగం కూడా ఉంది. ఎక్కడి నుంచో ఎత్తి అతికించినప్పుడు అది కూడా కొట్టుకొచ్చినట్టుంది. కాలిఫోర్నియాలో ఉన్నవాళ్ళు తమ వివరాలు తీసేయమంటే 45 రోజుల్లో జవాబిస్తారట. వరికుంటపాడులో ఉన్న ఆ పిల్ల అవ్వ అడిగితే ఎన్ని రోజులో రాయలేదు.

ఆ అవ్వ దగ్గర అంగీకారం తీసుకున్నది నా షాపులోనే. స్టాంప్ ప్యాడ్ కూడా నాదే. ఫారం మొత్తం ఇంగ్లీషు, నాలుగు పేజీలు. చివరి పేజీ అడుగున, బిడ్డ ఫొటోలు, వీడియోలు, వివరాలు సంస్థ ఏ అవసరానికైనా, ఎంత కాలమైనా వాడుకోవచ్చునని ఒక వాక్యం. "ఇది దేనికి నాయనా?" అంది అవ్వ. "స్కాలర్‌షిప్‌కి అవ్వా" అన్నాడు కుర్రాడు. బొటనవేలు గీతలు సరిగ్గా పడలేదని మళ్ళీ మళ్ళీ వేయించారు. కూలి పని చేసిన వేలికి గీతలు ఎక్కడుంటాయి! ఆ వాక్యం చదివి వినిపించడానికి మాత్రం ఎవరికీ తీరిక దొరకలేదు.

చట్టం సంగతి జెరాక్స్ వాడివి నీకెందుకు అంటారేమో. ఒక లాయరు గారు డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం ప్రింటు తీయించి స్పైరల్ బైండింగ్ చేయించుకున్నారు. పేజీలు వరసలో ఉన్నాయో లేదో చూసేటప్పుడు కళ్ళ పడిన ముక్కలు చెబుతున్నాను. చట్టం వచ్చింది 2023 ఆగస్టులో. దాని నియమాలు వచ్చింది 2025 నవంబరులో. 18 ఏళ్ళు నిండని వాళ్ళంతా పిల్లలే. వాళ్ళ వివరాలు తీసుకోవాలంటే తల్లో తండ్రో చట్టప్రకారం సంరక్షకులో నిజంగా ఒప్పుకున్నారని తేల్చుకోవాలి. ఏం తీసుకుంటున్నారో, దేనికో చెప్పే కాగితం ఇంగ్లీషులో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని 22 భాషల్లో కోరుకున్న దాంట్లో గానీ చదువుకునే వీలుండాలి. ఆ 22లో తెలుగు ఉంది, వెతికి చూశాను. ఒప్పుకోలు ఇవ్వడం ఎంత సులువో వెనక్కి తీసుకోవడం అంత సులువుగా ఉండాలి. పని అయిపోయాక చెరిపేయాలి. పిల్లల విషయంలో బాధ్యత తప్పితే జరిమానా 200 కోట్ల దాకా, జాగ్రత్త లేక వివరాలు బయటపడితే 250 కోట్ల దాకా.

ఈ మాట చెబితే కోఆర్డినేటర్ నవ్వాడు. "పెన్సిల్ బాక్సులు పంచేవాళ్ళం, మమ్మల్ని కోట్లు ఎవరడుగుతారన్నా?" కుర్రాడికి లోకజ్ఞానం ఉంది. అసలు బాధ్యతలు అమల్లోకి వచ్చేది నియమాలు వచ్చిన 18 నెలలకు, అంటే 2027 మేలో. అప్పటిదాకా తమరికి వేసవి సెలవులే. చదువు చెప్పే సంస్థలు చదువు కోసం, పిల్లల క్షేమం కోసం వాళ్ళను గమనించుకోవచ్చని నియమాల్లో ఒక వెసులుబాటు కూడా ఉంది. తండ్రి తాగుడు ఏ సబ్జెక్టు కిందికొస్తుందో లాయరు గారిని కనుక్కోవాలి. ఇంకో ముక్క. సంస్థ తరఫున ఈ వివరాలతో పనిచేసే బయటివాళ్ళతో ఒప్పందం రాసుకోవాలట. బయటివాడంటే నేనే కదా. ఏ3 కాపీకి 20 రూపాయలు, అదీ బాకీ. ఇంతకు మించి మా మధ్య ఒప్పందం లేదు.

పంపిణీ రోజు సంగతి తమరికి తెలియదు, తమరు లాప్‌టాప్‌లో ఉన్నారు. ఆ పిల్ల ఫొటో ఫ్లెక్సీ అయింది. 'తండ్రి వదిలేసినా చదువు వదలని చిన్నారి' అని ఎర్ర అక్షరాలు. అచ్చుతప్పు ఒక్కటీ లేదు, ఆ మాటకొస్తే సమాచారం కూడా పక్కాగా తమరి కాలమ్ నుంచే వెళ్ళింది. బస్టాండు దగ్గర కట్టారు. పంపిణీ ఒక పూటలో అయిపోయింది, ఫ్లెక్సీ మాత్రం అలాగే ఉంది. ఆ పిల్ల ట్యూషన్‌కు బస్టాండు దారి మానేసి వెనక సందుల్లో చుట్టూ తిరిగి పోయేది. తర్వాత దోసెల బండాయన దాన్ని విప్పుకెళ్ళి ఎండకు అడ్డం కట్టుకున్నాడు. మంచి మందం సరుకు, ఆయన్ని ఏమీ అనలేం. గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు జడ్జీలు 9 మంది ఒక్క మాటగా చెప్పారు. ఇక్కడ పొద్దున్నే కారం దోసెకు వచ్చినవాళ్ళంతా ఆ పిల్ల ఇంటి సంగతి చదువుకుంటూ తిన్నారు.

అదే పంపిణీలో డబ్బులిచ్చిన పెద్దమనిషి ఎవరో ఊళ్ళో ఎవరికీ తెలియదు. తమరి ఏఈ కాలమ్‌లో ఆయన పేరు 'డి 07'. పక్కన 'డి 12' ఉన్నాడు, 'డి 15' ఉన్నాడు. దాతల అసలు పేర్ల షీటు వేరే ఉందట, దానికి పాస్‌వర్డ్ ఉందట, ఇద్దరికి తప్ప తెలియదట. ఎందుకట్లా అని అడిగాను. "వాళ్ళకు పేరు బయటికి రావడం ఇష్టం ఉండదన్నా. గుప్తదానం. ఒకసారి తెలిసిందంటే ఊళ్ళో ప్రతివాడూ ఫోన్ చేసి ఇబ్బంది పెడతారు."

చూశారా! అన్నీ తెలుసు. పేరుకు బదులు కోడ్ పెట్టడం తెలుసు. పాస్‌వర్డ్ పెట్టడం తెలుసు. మనిషి సంగతి బయటపడితే ఇబ్బంది అవుతుందన్నదీ తెలుసు. సంస్థకు గోప్యత చేతకాదని ఇన్నాళ్ళూ అపార్థం చేసుకున్నాను. చేతనవును, ఇచ్చేవాళ్ళ వరకే. మరి లోపలి లెక్కలు, ఎవరికి ఎంత ఇచ్చారో, ఎవరిని ఎందుకు కాదన్నారో చెప్పమంటే "అవి ఇంటర్నల్ అన్నా" అన్నాడు. పిల్ల ఇంట్లో గొడవలు ఇంటర్నల్ కావు కాబోలు.

సంస్థ చెడ్డదని నేను అనడం లేదు. ఆ పిల్ల హాస్టల్ ఫీజు కడుతున్నది వాళ్ళే, టంచనుగా కడుతున్నారు. చిక్కంతా అక్కడే ఉంది. ఫ్లెక్సీ తీసేయమని తల్లి బెంగళూరు నుంచి ఫోన్‌లో నాతోనే మొరపెట్టుకుంది, సంస్థకు చేయమంటే చేయలేదు. "వద్దులే అన్నా, ఏమన్నా అనుకుని ఫీజు ఆపేస్తే?" సాయం తీసుకునే మనిషి నోరు తెరవడానికి ఇంత టెన్షన్ పడుతుంటే ఆ బొటనవేలి ముద్రను అంగీకారం అని ఎట్లా అంటారో!

ఆ తల్లికే ఇంకో ఫోన్ వచ్చింది. హిందీ యాసలో తెలుగు. స్కాలర్‌షిప్ శాంక్షన్ అయిందమ్మా, ఓటీపీ చెప్పండి అని. పిల్ల పేరు, తరగతి, బడి, రేషన్ కార్డు, బ్యాంకు పేరు గడగడా చదివాడట. ఆమెకు ఓటీపీ అంటే ఏమిటో తెలియక, "మా అన్న షాపుకు పోయి అడుగు" అని నా నెంబరు ఇచ్చింది. వాడు నాకు చేయలేదు. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఎట్లా ఫిర్యాదు చేయాలో నేనే చెప్పాను. ఆ వివరాలు తమరి దగ్గర నుంచే పోయాయని నేను అనను, నా దగ్గర రుజువు లేదు. కాకపోతే వాడు చదివిన వరస తమరి కాలమ్స్ వరసే.

అనుమానించడానికి మనుషులు కూడా తక్కువేం లేరు. తమరి రెండో అవతారం తయారుచేసిన పాత కోఆర్డినేటర్ ఇప్పుడు ఒక ఇంటర్ కాలేజీకి పీఆర్వో. పదో తరగతి పరీక్షలు కాకముందే నెల్లూరు, ఒంగోలు కాలేజీల పీఆర్వోలు పిల్లల ఫోన్ నెంబర్ల కోసం ఊరూరా తిరుగుతారు కదా, అతనికి ఆ శ్రమ లేకుండా పోయింది. సంస్థలో మానేసిన రోజు ఐడీ కార్డు, బ్యాగు వెనక్కి తీసుకున్నారు. ఫోన్‌లో ఉన్న తమరిని ఎవరూ అడగలేదు.

అందుకని విన్నపం. ఫీజు కట్టడానికి పిల్ల పేరు, తరగతి, బడి, కట్టాల్సిన మొత్తం, బడి ఖాతా చాలు. మిగతావి తమరే విదిలించుకోండి. ఏజీ కాలమ్‌ను మాత్రం ముందు తీసేయండి. పిల్లలకు కూడా డి 07 లాంటి నెంబర్లు ఇప్పించండి, పోనీ పీ 07 అనండి. ఆ వేలిముద్ర కాగితం పైన తెలుగులో నాలుగు లైన్లు కావాలంటే డీటీపీ నేను ఊరికే చేసిస్తాను.

నా ఫోన్‌లో, షాపు కంప్యూటర్‌లో ఉన్న తమరిని ప్రింటు ఇచ్చిన సాయంత్రమే చెరిపేశాను. మొన్న కోఆర్డినేటర్ పరుగున వచ్చాడు. "అన్నా, మా లాప్‌టాప్ పోయింది. ఫైల్ నీ దగ్గరుంటది కదా, ఒకసారి పంపు." లేదు, తీసేశానన్నాను. చాలా నొచ్చుకున్నాడు. "ఎంత పని చేశావన్నా! నీ దగ్గర భద్రంగా ఉంటదని సార్లకు కూడా చెప్పానే."

ఇట్లు,
తమరి విధేయుడు,
20 రూపాయల బాకీ రావలసినవాడు