రక్తం తీయకముందే తేల్చుకోవాలి

'మాస్టర్ హెల్త్ చెకప్' ప్యాకేజీల్లో పెద్ద వయసు మగవారికి పీఎస్ఏ పరీక్ష (మూత్రాశయం కింద ఉండే ప్రొస్టేట్ గ్రంథిలో క్యాన్సర్‌ను పసిగట్టేందుకు చేసే రక్తపరీక్ష) ఎవరూ అడగకుండానే వచ్చి చేరుతోంది. దూరాన ఉన్న కొడుకు ఆన్‌లైన్‌లో డబ్బు కడతాడు, ల్యాబ్ కుర్రాడు ఇంటికొచ్చి రక్తం తీసుకెళతాడు, సాయంత్రానికి రిపోర్టు ఫోన్లోకి వస్తుంది. నాలుగు దాటిన అంకె పక్కన ఎర్ర గుర్తు కనపడగానే ఇంటిల్లిపాదికీ నిద్ర కరవు. ఆ అంకె ఎక్కువొస్తే ఏం చేస్తామన్నది మాత్రం అప్పటిదాకా ఎవరూ అనుకోరు.

పీఎస్ఏ అంకె క్యాన్సర్ ఒక్కదానికే పెరగదు. వయసుతో ప్రొస్టేట్ గ్రంథి ఉబ్బినా, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉన్నా, మూత్రం ఆగిపోయి గొట్టం వేసినా పెరుగుతుంది. ఇన్‌ఫెక్షన్ తగ్గాక ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి పరీక్ష చేయించాలి. దీనికి తిరగబడిన పొరపాటూ ఉంది. గ్రంథి వాపు తగ్గడానికి ఫినాస్టెరైడ్, డ్యూటాస్టెరైడ్ మాత్రలు ఆర్నెల్లకు మించి వేసుకునేవారిలో పీఎస్ఏ దాదాపు సగానికి పడిపోతుంది. వారికి 3 వచ్చిందంటే 6గా చదువుకోవాలి. ఏ మందులు వాడుతున్నారని అడిగే ల్యాబులు ఎన్ని?

55-69 ఏళ్లవారు డాక్టరుతో మాట్లాడి నిర్ణయించుకోవాలని, 70 దాటినవారికి లక్షణాలు లేకుండా పీఎస్ఏ వద్దని అమెరికా నిపుణుల బృందం 2018లో చెప్పింది. ఈ పరీక్ష ఇచ్చే మేలు చేతికందడానికి పదేళ్లకు పైగా పడుతుంది, బాధలు మాత్రం వెంటనే మొదలవుతాయి. ఐరోపాలో 23 ఏళ్లు సాగిన అధ్యయనంలో 456 మందిని పరీక్షకు పిలిస్తే తప్పిన ప్రొస్టేట్ క్యాన్సర్ మరణం ఒక్కటి. అయితే ఏళ్లు లెక్కపెట్టి గీత గీయడాన్ని మేం సమర్థించం. రోజూ పొలం వెళ్లివచ్చే 74 ఏళ్ల రైతు, డయాలసిస్ మీదున్న 68 ఏళ్ల ఉద్యోగి ఒకటి కారు. ఇంకో పదేళ్లు బతికే ఆరోగ్యం ఉందా అన్నదే అసలు ప్రశ్న.

లక్షణాలున్నవారికి ఈ వయసు లెక్కే వర్తించదు. రాత్రిళ్లు నిద్రపట్టనివ్వని కొత్త నడుంనొప్పి, మూత్రంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం ఉంటే 80 ఏళ్లవారికైనా పీఎస్ఏ చేయాలి. 'పెద్దతనం' అని నెలల తరబడి నొప్పి ఇంజెక్షన్లతో నెట్టుకొస్తే చివరకు ఎముకలకు పాకిన క్యాన్సర్ వల్ల వెన్నుపాము నొక్కుకుపోయి కాళ్లు పడిపోవచ్చు. కాళ్లలో పట్టు తప్పితే అదే రోజు ఆసుపత్రికి చేరాలి. అమెరికా మాజీ అధ్యక్షుడు జో బైడెన్‌కు మూత్ర ఇబ్బందులు ముదిరాక, 2025 మేలో, 82వ ఏట ఎముకలకు పాకిన ప్రొస్టేట్ క్యాన్సర్ బయటపడింది. క్యాన్సర్ ఎంత దూకుడుగా ఉందో 6 నుంచి 10 వరకు అంకెల్లో చెప్పే గ్లీసన్ స్కోరు 9. అంతకుముందు ఆయనకు చివరిసారి పీఎస్ఏ చేసింది 2014లోనేనని తెలిసింది.

అంకె పెరిగితే ముందుగా కొన్ని వారాలాగి మళ్లీ చూడాలి. అప్పుడూ ఎక్కువుంటే ఎంఆర్ఐ, అందులో అనుమానం కనిపిస్తేనే సూదితో గ్రంథి ముక్క తీసి చూసే బయాప్సీ. నేరుగా సూదికి పరుగెత్తడం వద్దు. మలద్వారం గుండా తీసే బయాప్సీలో ఇన్‌ఫెక్షన్ భయం ఎక్కువ, యాంటీబయాటిక్స్‌కు లొంగని సూక్ష్మజీవులున్న మన దేశంలో మరీనూ. వృషణాలకు, మలద్వారానికి మధ్య చర్మం గుండా తీసే పద్ధతి ఉందేమో అడగాలి. రక్తం పలచబరిచే మాత్రల సంగతి ముందే చెప్పాలి.

గ్లీసన్ 6 అని తేలితే చాలామందికి చికిత్స అక్కర్లేదు. బ్రిటన్‌లో 1,643 మందిని పర్యవేక్షణ, ఆపరేషన్, రేడియేషన్ వర్గాలుగా చేసి 15 ఏళ్లు చూస్తే, ఈ క్యాన్సర్‌తో పోయినవారు మొత్తం మీద 3 శాతానికి లోపే. పర్యవేక్షణలో ఉన్నవారిలో 9.4 శాతానికి వ్యాధి పాకింది, ఆపరేషన్ చేయించుకున్నవారిలో 4.7 శాతానికి. వారంతా పేర్ల నమోదు నాటికి 50-69 ఏళ్లవారే. 78వ ఏట ఆ తేడా కోసం మూత్రం కారడాన్ని, పడక ఇబ్బందులను భరించాలా అన్నది రోగే చెప్పాలి, బంధువులు కాదు. అలాగని గ్లీసన్ 8, 9 వచ్చిన గట్టి మనిషికి వయసు సాకుతో రేడియేషన్, హార్మోన్ చికిత్స నిరాకరించడమూ అన్యాయమే.

క్యాన్సర్‌ను పెంచే మగ హార్మోన్‌ను అణచే హార్మోన్ ఇంజెక్షన్లు ఎముకలను గుల్లబరుస్తాయి, షుగరు పెంచుతాయి, కండ తీసేస్తాయి. ఆ ఇంజెక్షన్లలో ఒకటైన ల్యూప్రోలైడ్ మొదటి డోసుకు ముందుగా, ఆ హార్మోన్ పనిని అడ్డుకునే బైకాలుటమైడ్ మాత్రలు మొదలుపెట్టి కొన్ని వారాలు కొనసాగించకపోతే, ఎముకలకు పాకినవారిలో నొప్పి ఒక్కసారిగా ఎగదన్నవచ్చు. ఎముకల సాంద్రత పరీక్ష, కాల్షియం, విటమిన్-డి మరవకూడదు. ప్రతి ఇంజెక్షన్‌కూ డబ్బు వెతుక్కునే కుటుంబాలకు వృషణాలు తీసే చిన్న ఆపరేషన్ ఒక్కసారి ఖర్చుతో అదే పని చేస్తుంది. మొహమాటంతో ఆ మాట ఎత్తని డాక్టర్లున్నారు.

70 దాటినవారి ప్యాకేజీల నుంచి ల్యాబులు పీఎస్ఏను తీసేయాలి, డాక్టరు రాసిస్తేనే చేయాలి. రిపోర్టు మీద మందుల వివరం, ఇటీవలి ఇన్‌ఫెక్షన్ ముద్రించాలి. తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు వైద్యశిబిరాల్లో ఈ పరీక్షను పంచిపెట్టే బదులు, ఆ డబ్బును జిల్లా ఆసుపత్రుల్లో ఎంఆర్ఐ చదవగల రేడియాలజిస్టుల మీద, బయాప్సీ ముక్క చూసి గ్రేడు సరిగ్గా రాయగల పెథాలజిస్టుల మీద ఖర్చు చేయాలి.