ఫౌండింగ్ ఫాదర్స్‌ని గంపగుత్తగా చూస్తే ఎలా?

అమెరికాలో తుపాకుల గొడవైనా, మతం గొడవైనా, పన్నుల గొడవైనా, వాదన ముదిరేసరికి ఎవరో ఒకరు దేశాన్ని స్థాపించిన తొలితరం నాయకుల పేరెత్తి, ‘ఫౌండింగ్ ఫాదర్స్ కోరుకున్నది ఇదే’ అని తేల్చేస్తారు. నాకు చిర్రెత్తుకొచ్చేది అక్కడే. ఏ ఫాదర్? 1787లో ఫిలడెల్ఫియాలో రాజ్యాంగం రాస్తుంటే స్వాతంత్ర్య ప్రకటన రాసిన జెఫర్సన్ పారిస్‌లో ఉన్నాడు, తర్వాత రెండో అధ్యక్షుడైన జాన్ ఆడమ్స్ లండన్‌లో ఉన్నాడు. స్వాతంత్ర్యం కోసం గొంతు చించుకున్న పాట్రిక్ హెన్రీ అయితే ఆ రాజ్యాంగమే వద్దన్నాడు.

మతం దగ్గరికొస్తే, వాళ్లంతా పరమ భక్తులని ఒక వర్గం, అసలు క్రైస్తవులే కాదని ఇంకో వర్గం. జెఫర్సన్ ముసలితనంలో కూర్చుని నాలుగు భాషల సువార్తల్లోంచి తనకు నచ్చిన భాగాలు కత్తితో కోసి, వేరే పుస్తకంలో అంటించుకున్నాడు. ఏసు బోధలు ఉంచాడు, మహిమలు తీసేశాడు. సమాధికి పెద్ద రాయి దొర్లించి వెళ్లిపోయారు అన్న చోట ఆ పుస్తకం అయిపోతుంది, పునరుత్థానం ఉండదు. సరే, మరి జాన్ జే? తొలి చీఫ్ జస్టిస్ అయిన ఆయన, తర్వాత అమెరికన్ బైబిల్ సొసైటీకి అధ్యక్షుడిగా పనిచేశాడు. స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం పెట్టిన విదర్‌స్పూన్ ఏకంగా పాస్టరే. ఇన్ని రకాల వాళ్లున్నా, ప్రభుత్వ పదవికి మతం షరతు పెట్టకూడదని రాజ్యాంగం ఆరో అధికరణంలో రాసుకున్నారు చూడండి, నాకు అదే గొప్పగా అనిపిస్తుంది.

ఇక తొలి అధ్యక్షుడు వాషింగ్టన్ చెక్క పళ్లు పెట్టుకునేవాడన్న కథ. ఆయన కట్టుడు పళ్లలో చెక్క లేదు, ఏనుగు దంతం, జంతువుల పళ్లు, మనుషుల పళ్లు వాడారు. 1784 నాటి ఆయన ఖాతా పుస్తకంలో, తొమ్మిది పళ్ల కోసం నల్లజాతి వాళ్లకు, బహుశా ఆయన బానిసలకే, డబ్బు ఇచ్చినట్టు ఒక పద్దు ఉంది. ఆ పళ్లు ఆయన నోట్లోకే వెళ్లాయా అన్నది తేలలేదు. డబ్బిచ్చాడు కదా అంటారేమో, ‘ఇవ్వను’ అనే హక్కే లేని బానిసతో బేరమేంటి?

‘అప్పటి కాలం అలాంటిది’ అన్న సమర్థన కూడా నాకు మింగుడుపడదు. ఆ కాలంలోనే ఆడమ్స్ ఒక్క బానిసను కూడా ఉంచుకోలేదు. జెఫర్సన్ మాత్రం ‘మనుషులంతా సమానంగా పుట్టారు’ అని రాసి, జీవితకాలంలో 600 మందికి పైగా బానిసలకు యజమానిగా ఉన్నాడు, విడిచిపెట్టింది వేళ్ల మీద లెక్కపెట్టే అంతమందిని. ఒకప్పుడు తనూ బానిసలను ఉంచుకున్న మరో ఫాదర్ బెంజమిన్ ఫ్రాంక్లిన్, 1790 ఫిబ్రవరిలో, అంటే చనిపోవడానికి రెండు నెలల ముందు, బానిసత్వాన్ని అంతం చేసే దారి చూడమని కాంగ్రెస్‌కు, అంటే అమెరికా చట్టసభకు, వెళ్లిన అర్జీ మీద సంతకం పెట్టాడు. బానిసల విముక్తిలో జోక్యం చేసుకునే అధికారం తమకు లేదని కాంగ్రెస్ దిగువ సభ తేల్చేసింది. ‘రాజ్యాంగ పితామహుడు’ మాడిసన్ ఆ సభలో సభ్యుడే.