కేసు ఇరుక్కుంది

మనుషులు కేసుల్లో ఇరుక్కోవడం లోకంలో తరచుగా జరిగేదే. నా విషయంలో మాత్రం కేసే ఇరుక్కుంది. అది కూడా, తుపాకికి ఉండవలసిన లైసెన్సు ఉండి, ఇంట్లో తూటాలు నింపుకోవడానికి చట్టం ఒప్పుకుంటుందని ఒకటికి రెండుసార్లు విచారించుకుని, ఎవరి జోలికీ పోకుండా వెనక గదిలో బల్ల ముందు బుద్ధిగా కూర్చున్న వేళ ఇరుక్కుంది.

ఇక్కడ కేసు అంటే తూటాకు ఉండే ఇత్తడి తొడుగు. తూటాలో ఉండేవి మొత్తం నాలుగే వస్తువులు: ఈ కేసు, దాని అడుగున నిప్పు రాజేసే ప్రైమరు, లోపల మందు, మూతి దగ్గర గుండు. ట్రిగ్గరు నొక్కిన మరుక్షణం ప్రైమరూ మందూ గుండూ తమ జన్మ సార్థకం చేసుకుని వెళ్లిపోతాయి కానీ, కేసు మాత్రం టంగుమని నేల మీద పడి, ఇల్లు ఖాళీ చేయనని భీష్మించుకున్న అద్దెదారులా అక్కడే మెరుస్తూ ఉంటుంది. దాన్ని ఏరుకుని వచ్చి, తోమి, పాత కొలతకు తెచ్చి, మిగిలిన మూడూ కొత్తగా సమకూరిస్తే మళ్లీ తూటా తయారవుతుంది. తూటా ఖరీదులో సింహభాగం ఈ ఇత్తడిదేననీ, ఒక్కో కేసును చాలాసార్లు వాడుకోవచ్చుననీ తెలిసిన రాత్రి నేను కాగితం మీద లెక్క వేసి, ఎంత మిగులుతుందో చూసుకుని, నిద్రపోలేదు. ఆ కాగితాన్ని మర్నాడు తుపాకి పేల్చడం సాధన చేసే రేంజిలో అందరూ మాస్టారు అని పిలిచే ఒక పెద్దాయనకు చూపించాను. ఆయన కళ్లజోడు సవరించుకుని, ఆసాంతం చదివి, "డబ్బు మిగలదు బాబూ, ఎక్కువసార్లు పేలుస్తావు, అంతే" అని కాగితం మడిచి ఇచ్చేశారు. ఆయనకు లెక్కలు రావేమోనని జాలిపడ్డాను.

సామగ్రి వచ్చిన రోజున జరిగిన అపార్థం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే అది తరువాత నా పనిని నేరుగా చెడగొట్టింది. కేసును పాత కొలతకు నొక్కే ఉక్కు అచ్చును డై అనీ, కేసును అందులోకి నెట్టే మీట యంత్రాన్ని ప్రెస్ అనీ అంటారు. నేను ఫోనులో మాస్టారితో, "డైలు వచ్చేశాయి మాస్టారూ. ప్రెస్ రేపు వస్తుంది. గుండు సంగతి కూడా తేల్చేశాను. మందు మాత్రం ఇంటికి పంపరట, నేనే వెళ్లి తెచ్చుకోవాలి" అని చెబుతూ ఉండగా మా ఆవిడ గుమ్మంలో నిలబడి అంతా విన్నది. ఫోను పెట్టేసిన తరువాత చాలా నెమ్మదిగా, "ప్రెస్ వాళ్లు ఎందుకు వస్తున్నారో నాకు తెలియదు. డై వేసుకోండి, వయసు వచ్చింది, తప్పు లేదు. గుండు చేయించుకున్నాక డై దేనికని మాత్రం అడుగుతున్నాను. ఇక మందు సంగతి అంటారా, అది నేను మాట్లాడను, మా అన్నయ్య మాట్లాడతాడు" అని లోపలికి వెళ్లిపోయింది. ఈ విద్యకు కావలసిన ప్రతి వస్తువుకూ తెలుగు ఇళ్లలో అప్పటికే ఇంకో అర్థం ఉండడం నా దురదృష్టం.

కేసులు తోమడానికి టంబ్లరు అనే యంత్రం ఉంటుంది. గిన్నెలో వాల్‌నట్ పెంకుల పొడి పోసి, కేసులు అందులో వేసి స్విచ్చి నొక్కితే, అది గంటల తరబడి గజగజ వణుకుతూ వాటిని మెరిపిస్తుంది. తెల్లవారి కేసులనూ పొడినీ వేరు చేయడానికి నేను వంటింటి జల్లెడ వాడాను. పేలిన ప్రైమర్ల నుంచి వచ్చిన సీసం ఆ ధూళిలో ఉంటుందనీ, ఈ పనికి వాడిన ఏ పాత్రా తిరిగి వంటింటి ముఖం చూడకూడదనీ మాస్టారు ఆ సాయంత్రం చెప్పారు. జల్లెడ ఆ పూట నుంచి నా ఆస్తి అయింది. దాని వెనుకే వంటింటి త్రాసు కూడా రాబోయింది కానీ, ఆ త్రాసు చూపించే కనీస బరువు ఒక గ్రాము. మందు కొలిచేది గ్రెయిన్లలో. ఒక గ్రాముకు 15.43 గ్రెయిన్లు, చూసుకోవలసినది గ్రెయినులో పదో వంతు. ఆ త్రాసుతో మందు తూచడం, లారీలు తూచే వేబ్రిడ్జి మీద బంగారం తూచినట్టే అవుతుంది. కాబట్టి వంటింటికి త్రాసు దక్కింది.

రేంజిలో ఏరుకున్న కేసులన్నీ ఒక్క జాతివి కావని కూడా అప్పుడే తెలిసింది. కొన్నింటికి అడుగున నట్టనడుమ ఒకే రంధ్రం ఉంటుంది. పాత ప్రైమరును సన్నని సూదితో అందులో నుంచి సులువుగా తోసేయవచ్చు. ఇవి బాక్సర్ రకం. కొన్నింటికి నడుమ రంధ్రం ఉండదు, పక్కలకు రెండు చిన్న రంధ్రాలు ఉంటాయి. ఇవి బెర్డన్ రకం. వీటిలోకి సూది దించితే విరిగేది సూదే. ఎడ్వర్డ్ బాక్సర్ ఇంగ్లండుకు చెందిన సైనికాధికారి, హైరమ్ బెర్డన్ అమెరికావాడు, ఇద్దరూ పేటెంట్లు తీసుకున్నది 1866లోనే. చివరకు అమెరికన్లు ఇంగ్లండు ఆయన పద్ధతినీ, ఐరోపాలో చాలామంది అమెరికా ఆయన పద్ధతినీ పట్టుకున్నారు. పెరటి చెట్టు మందుకు పనికిరాదన్న సామెత తుపాకి మందుకు కూడా వర్తిస్తుందని నాకు ఒక సూది ఖర్చుతో అర్థమైంది.

ఇక అసలు ఘట్టం. పేలినప్పుడు తూటా లోపల పుట్టే ఒత్తిడి మామూలుది కాదు. నేను మొదలుపెట్టిన .308 రైఫిల్ తూటాకు పరిమితిగా పెట్టిన ఒత్తిడి చదరపు అంగుళానికి 62,000 పౌండ్లు; కారు టైరులో మనం కొట్టించే గాలి 35కు అటూ ఇటూ. ఆ దెబ్బకు ఇత్తడి కేసు ఉబ్బి, తుపాకిలో తాను కూర్చునే గది గోడలకు అతుక్కుని, మంట వెనక్కి రాకుండా కాపాడి, తరువాత కొంచెం సర్దుకుంటుంది కానీ, పూర్తిగా పాత నడుముకు రాదు. దాన్ని ప్రెస్ మీటతో గట్టి ఉక్కు డైలోకి నెట్టి పాత కొలతకు నొక్కాలి. సీసాలాగా భుజాలూ మెడా ఉన్న రైఫిల్ కేసులకు ముందుగా తప్పనిసరిగా లూబ్ అనే జారుడు జిడ్డు రాయాలని డై పెట్టె మీద, డై కాగితంలో, ప్రెస్ పుస్తకంలో, మొత్తం మూడు చోట్ల రాసి ఉన్నది. అయితే మాస్టారు రివాల్వరు కేసులను ఏ జిడ్డూ లేకుండా చకచకా నొక్కడం నేను కళ్లారా చూశాను. ఆయన డైలో కార్బైడ్ అనే అతి గట్టి, నున్నని పదార్థంతో చేసిన రింగు ఉన్నదనీ, అందుకే ఆయనకు లూబ్ అక్కరలేదనీ నేను గమనించలేదు. లూబ్ అన్నది చేతిలో బలం లేనివారి కోసం పెట్టిన సదుపాయమని నాలో నేను తీర్మానించుకున్నాను.

మీట సగం వరకు దిగింది. అక్కడ 'కిర్ర్‌ర్' అని ఒక ధ్వని వచ్చింది. వివేకి అయినవాడు అక్కడ ఆగేవాడు. నేను లేచి నిలబడి, రెండు చేతులూ మీట మీద వేసి, ఒంటి బరువంతా మోపాను. కేసు పూర్తిగా లోపలికి వెళ్లింది. విజయగర్వంతో మీట పైకి ఎత్తబోతే అది కదలలేదు. బల్ల కదిలింది, గోడకు ఉన్న అలమారా కదిలింది, మీట మాత్రం కదలలేదు. పళ్లు బిగించి ఇంకొకసారి గుంజేసరికి 'టప్'మని తెగిన శబ్దంతో మీట హాయిగా పైకి వచ్చింది, నేను హాయిగా వెనక్కి పడ్డాను. లేచి చూస్తే, కేసును పట్టుకోవలసిన హోల్డరులో గోరంత ఇత్తడి ముక్క ఒకటి, అప్పుడే కత్తిరించిన నెలవంకలా, మెరుస్తూ ఉన్నది. అది కేసు అంచు. మిగిలిన కేసంతా డైలోనే, చేతికి అందకుండా, పట్టుకారుకు దొరకకుండా, అంచు లేని సన్నని అడుగును నాకు చూపిస్తూ కూర్చుని ఉన్నది.

నేను చదువుకున్నవాణ్ణి కాబట్టి భౌతికశాస్త్రాన్ని ఆశ్రయించాను. చల్లబరిస్తే ఉక్కు కంటే ఇత్తడి ఎక్కువ కుంచించుకుపోతుంది, ఇది నిజం. కాబట్టి డైని ఫ్రిజ్‌లో పెడితే కేసు తనంతట తానే వదులవుతుంది. ఇది నా ఊహ. డైని ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఐసు అరలో పెట్టి పడుకున్నాను. ఉదయం మా ఆవిడ ఆ సంచిని రెండు వేళ్లతో పట్టుకుని వచ్చి, "ఏమండీ, ఈ డై చల్లగా వేసుకోవాలా?" అని అడిగింది. కేసు వెంట్రుకవాసి కూడా వదులు కాలేదు.

మాస్టారికి ఫోను చేశాను. విషయం సగం చెప్పేసరికే ఆయన నవ్వు మొదలుపెట్టి, ఒక చిన్న డబ్బాతో వచ్చేశారు. ఈ అవస్థ కోసం ప్రత్యేకంగా పనిముట్ల డబ్బా అమ్ముతున్నారంటే, నేను వేసిన మార్గంలో నాకంటే ముందు ఎంతమంది నడిచారో ఊహించుకోవచ్చు. ఆయన ముందుగా డై నడుమ ఉన్న సూది కడ్డీని పైకి విప్పి, కేసు అడుగున ప్రైమరు ఉండే గుంటలో డ్రిల్లుతో రంధ్రం చేసి, ఆ రంధ్రానికి లోపల మరలు కోసి, అడుగున ఒక గుబ్బ తొడిగి, బోల్టు బిగించడం ప్రారంభించారు. బోల్టు తిరిగిన కొద్దీ కేసు అంగుళంలో పదో వంతు చొప్పున మూలుగుతూ బయటికి వచ్చింది. దాన్ని ఆయన నా అరచేతిలో పెట్టి, "దాచుకో బాబూ" అన్నారు. తరువాత జేబులో నుంచి తన తాళంచెవుల గుత్తి తీసి చూపించారు. ఆ గుత్తికి అంచు లేని, అడుగున బెజ్జం ఉన్న పాత ఇత్తడి కేసు ఒకటి వేలాడుతూ ఉన్నది. నలభై ఏళ్ల కిందటిదట.

రెండో ఆదివారం నాడు లూబ్ విషయంలో ఎవరూ నన్ను వేలెత్తి చూపకూడదని, కేసులకు తలస్నానం చేయించినంత పని చేశాను. డైలో ఎక్కువైన లూబ్‌కు పోవడానికి చోటు ఉండదు, నొక్కితే అణగదు. అందుకని అది ఇత్తడినే లోపలికి నొక్కింది. ప్రతి కేసు భుజం మీదా ఒక సొట్ట పడింది. చిన్న సొట్టలు పేల్చినప్పుడు వాటంతట అవే సర్దుకుంటాయని మాస్టారు ఓదార్చారు కానీ, రైఫిల్ పని కొన్నాళ్లు ఆపి, తన కార్బైడ్ డై తీసుకువెళ్లి రివాల్వరు తూటాలతో అక్షరాభ్యాసం చేసుకోమని ఆజ్ఞాపించారు.

అలా .38 స్పెషల్ దగ్గరికి వచ్చాను. పేరులో .38 అని ఉన్నా గుండు వ్యాసం .357 అంగుళమే, ఈ విద్యలో పేర్లను నమ్మకూడదని అప్పటికే గ్రహించాను కాబట్టి నాకు ఆశ్చర్యం కలగలేదు. ఇది 1898 నాటిది, పాతకాలపు నల్లని తుపాకి మందు పట్టేలా పొడవుగా చేసిన కేసు. ఇప్పటి పొగలేని మందు అందులో అడుగున కొంచెమే ఉంటుంది. అందువల్ల ఒకే కేసులో పొరపాటున రెండుసార్లు పోసినా పొంగి పొర్లదు, ఎవరికీ చెప్పదు. అసలే పోయకపోతే ఇంకొక ప్రమాదం: ప్రైమరు ఒక్కటే గుండును గొట్టం లోపలికి కొంత దూరం నెట్టి అక్కడ వదిలేస్తుంది, ఆ సంగతి తెలియక మరొకటి పేల్చామా, గొట్టమే చీలిపోతుంది. అందుకే మందు పోసిన కేసులన్నింటినీ వరుసగా నిలబెట్టి, టార్చిలైటు వేసి, ఒక్కొక్కదాని లోపలికీ తొంగిచూసి, ఆ తరువాతే గుండ్లు కూర్చాలి.

చేతుల జిడ్డు అంటితే ప్రైమర్లు పాడవుతాయని సబ్బుతో చేతులు కడుక్కుని, బల్ల మీద ఒక్క మందు డబ్బా తప్ప వేరేది లేకుండా చూసుకుని, పుస్తకంలో ఇచ్చిన కనిష్ఠ కొలతతో పది కేసులకు మందు పోయడం ప్రారంభించాను. ఆరు పూర్తయ్యాయి. ఏడోది చేతిలోకి తీసుకున్నప్పుడు ఫోను మోగింది. మా ఆవిడ అన్నయ్య.

"బావగారూ, మీరు ఏమీ అనుకోకపోతే ఒక మాట. చెల్లాయి చాలా బాధపడుతున్నది. రోజూ సాయంత్రం వెనక గదిలో తలుపు వేసుకుంటున్నారటగా. మందు కొలిచి మరీ పోసుకుంటున్నారటగా."

కొలిచి పోయకపోతే ప్రాణానికే ప్రమాదమని నేను చెప్పాను. అవతల దీర్ఘమైన నిశ్శబ్దం. తరువాత ఇరవై నిమిషాల పాటు ఆయన తన మిత్రుడు ఒకాయన ఎలా మానేశాడో చెబుతూ ఉండగా, నేను ఫోనును చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, ఊకొడుతూ, చేతులు ఖాళీగా ఉంచడం ఎందుకని పని పూర్తి చేసేశాను. ఫోను పెట్టేసరికి పది తూటాలూ గుండ్లతో సహా తయారై, పెట్టెలో పెళ్లికొడుకుల్లా నిలబడి ఉన్నాయి. నా జీవితంలో నేను చేసిన మొదటి పది తూటాలు. టార్చిలైటు మాత్రం అది ఉన్న చోటే ఉన్నది.

ఏడో కేసులో మందు పోశానా? పోశానని ఒక మనసు, రెండుసార్లు పోశావని ఇంకొక మనసు. తూచి చూశాను. కేసుల బరువుల్లో, గుండ్ల బరువుల్లో ఉండే సహజమైన తేడాల ముందు ఆ కొద్ది మందు తేడా తేలలేదు. పైగా పదింటిలో ఏడోది ఏదో అప్పటికే తెలియడం లేదు. చెవి దగ్గర ఊపి చూశాను. పదీ ఒకే మాట చెప్పాయి, అదేమిటో నాకు అర్థం కాలేదు.

చేసిన తూటాలను విప్పడానికి ఒక సుత్తి ఉంటుంది. దాని తలలో తూటాను బిగించి గట్టి నేల మీద కొడితే, ఆ ఊపుకు గుండూ మందూ సుత్తి లోపల విడిగా పడతాయి. అర్ధరాత్రి దాటే వరకు ఒక్కొక్కటీ కొట్టాను. రెండు దెబ్బలకు లొంగినది ఒకటీ లేదు. "ఏమండీ, ఎవరో తలుపు కొడుతున్నారు" అని లోపల నుంచి మూడుసార్లు వినిపించింది. పదింటిలోనూ మందు ఉన్నది. పదింటిలోనూ సరిగ్గా ఉండవలసినంతే ఉన్నది. ఏడోది కూడా నిక్షేపంగా ఉన్నది.

నాలుగోసారి ఆమె స్వయంగా వచ్చింది. బల్ల మీద ఒక పక్క పది కేసులు, ఒక పక్క పది గుండ్లు, చిన్న గిన్నెలో కొద్దిపాటి మందు. ఆమె వాటిని కొంతసేపు పరిశీలనగా చూసి, తాళంచెవులకు కట్టుకున్న నా అంచు లేని కేసును వేలితో కదిపి, "మొదట కొన్నప్పుడు కూడా ఇవి ఇలాగే విడివిడిగా వచ్చాయి కదండీ?" అని అడిగింది.