గైనిక్ సీటు ఎంచుకునే ముందు అడగాల్సిన ప్రశ్నలు

పీజీ వైద్య సీట్లు కేటాయించే నీట్ పీజీ కౌన్సెలింగ్ మొదలైందంటే హైదరాబాద్‌లో ఎంబీబీఎస్ పూర్తిచేసిన అమ్మాయిల ఇళ్లలో చర్చ దాదాపు ఒకే తీరుగా సాగుతుంది. ఆడపిల్లకు గైనిక్ (ప్రసూతి, స్త్రీ వైద్యం) అయితే బాగుంటుందని పెద్దలంటారు. రాత్రీ పగలూ లేని డ్యూటీలు, పైగా పోలీసు కేసుల భయం, అంతకంటే రేడియాలజీయో డెర్మటాలజీయో నయమని సీనియర్లు హెచ్చరిస్తారు. రెండు మాటల్లోనూ నిజం ఉంది. అయితే, కాన్పును ఓపికగా నడిపించే విద్య ఎక్కడ నేర్పుతారు, నేర్చుకున్నాక దాన్ని వాడనిచ్చే ఏర్పాటు ఎక్కడ ఉంది అన్న విషయం మాత్రం ఈ చర్చలోకి రావడం లేదు. ఈ వృత్తిలో ముప్పై ఏళ్లు ఎలా గడుస్తాయన్నది దాని మీదే ఆధారపడి ఉంటుందని నా అభిప్రాయం.

ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. మరే రాష్ట్రంలోనూ ఇంత లేదు. దేశ సగటు 21.5 శాతం. తెలంగాణ ప్రైవేటు ఆస్పత్రుల్లో అయితే 81.5 శాతం. అదే కాలంలో మాతృమరణాలు గణనీయంగా తగ్గాయి: లక్ష సజీవ జననాలకు 2014-16లో 81 ఉన్నవి 2018-20 నాటికి 43కు దిగాయి. ఆపరేషన్లు పెరిగాయి కాబట్టే తల్లులు బతుకుతున్నారని ఈ రెండు అంకెలనూ ముడిపెట్టి వాదించేవారున్నారు. ఆ వాదన నిలవదు. అదే సర్వేలో మహారాష్ట్ర సిజేరియన్లు 25.4 శాతం, 2018-20లో అక్కడి మాతృమరణాలు లక్షకు 33, కేరళలో 38.9 శాతం, మరణాలు 19. మనకంటే తక్కువ కోతలతో ఎక్కువ మంది తల్లులను కాపాడుకుంటున్న రాష్ట్రాలు కళ్లెదుటే ఉన్నాయి.

ముహూర్తం చూసుకుని వచ్చే కుటుంబాలనో, డబ్బాశ పడే ఆస్పత్రులనో తప్పుపట్టి ఊరుకోవడం తేలిక. అవి రెండూ ఉన్నమాట నిజమే. కానీ దిల్‌సుఖ్‌నగర్‌లోనో కూకట్‌పల్లిలోనో కింద నర్సింగ్‌హోమ్, పైఅంతస్తులో కాపురం పెట్టుకున్న ఒక డాక్టరమ్మ పరిస్థితిని దగ్గరగా చూస్తే అసలు చిక్కు అర్థమవుతుంది. రాత్రి పదింటికి తొలిచూలు మహిళ నొప్పులతో వస్తుంది. గర్భసంచి ముఖద్వారం ఐదు సెంటీమీటర్లు తెరుచుకున్నాకే కాన్పు చురుకుగా సాగుతున్నట్టు లెక్క అని, అక్కడి నుంచి తొలి కాన్పుకు 12 గంటల దాకా, ఆ తర్వాత బిడ్డ బయటికి రావడానికి మూడు గంటల దాకా పట్టవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పింది. అంతసేపూ బిడ్డ గుండె చప్పుడును పావుగంటకో అరగంటకో, చివరి దశలో ఐదు నిమిషాలకోసారి వినాలి. వినేందుకు శిక్షణ పొందిన మనిషి ఆమె ఒక్కతే. మత్తు డాక్టరు, పిల్లల డాక్టరు వేరే ఆస్పత్రుల నుంచి రావాలి. పదకొండింటికి వచ్చినవారు తెల్లవారుజామున మూడింటికి వస్తారన్న భరోసా లేదు. పొద్దున్నే ఓపీ ఉంది. ఎంత నిజాయతీ ఉన్న వైద్యురాలైనా ఈ స్థితిలో పదకొండింటికే కత్తి పట్టడంలో ఆశ్చర్యం లేదు.

దీనికి భయం తోడవుతుంది. నెలలు నిండిన గర్భసంచికి నిమిషానికి అర లీటరుకు పైగా రక్తం అందుతుంది. మాయ పడ్డాక గర్భసంచి గట్టిగా ముడుచుకోకపోతే, అప్పటిదాకా నవ్వుతూ మాట్లాడిన బాలింత కొద్ది నిమిషాల్లో చేయి దాటిపోవచ్చు. 2022 మార్చిలో రాజస్థాన్‌లోని దౌసా జిల్లాలో ఇలాంటి మరణంపై పోలీసులు కాన్పు చేసిన వైద్యురాలి మీద హత్యకేసు పెట్టగా ఆమె ప్రాణం తీసుకుంది. డాక్టర్లపై నేర విచారణ సాగాలంటే తీవ్రమైన నిర్లక్ష్యం ఉండాలని, మరో నిపుణుడి అభిప్రాయం తీసుకోవాలని సుప్రీంకోర్టు 2005లోనే చెప్పింది. ఆ తీర్పు పోలీస్ స్టేషన్ దాకా చేరకపోవడం వల్ల ఎందరు యువ వైద్యులు లేబర్ రూంకు దూరమై పగటిపూట ప్రాక్టీసు వెతుక్కుంటున్నారో వారితో మాట్లాడినవారికి తెలుసు.

నష్టం ఇక్కడితో ఆగదు. పదిలో ఆరు కాన్పులు ఆపరేషన్ గదిలో ముగిసే రాష్ట్రంలో పీజీ చదివేవారికి బిడ్డ తలను పట్టి బయటికి తీసే వాక్యూమ్, ఫోర్సెప్స్ పరికరాలు చేతిలో పట్టే అవకాశం సన్నగిల్లుతుంది, చేతకానిదానికి ఎవరూ సాహసించరు గనుక కోతలు ఇంకా పెరుగుతాయి. పాత కుట్టు మీద మాయ లోతుగా అతుక్కుపోయే ప్రమాదం ప్రతి సిజేరియన్‌తోనూ పెరుగుతుంది. గర్భసంచి తీసేస్తే తప్ప తల్లి దక్కని ఆ కేసులు రేపు ఎదురయ్యేది ఇవాళ సీటు ఎంచుకుంటున్న ఈ తరానికే.

నేర్చుకోవడానికి ఇప్పటికీ పేట్లబురుజు, సుల్తాన్‌బజార్ ప్రసూతి ఆస్పత్రులు, గాంధీ, నీలోఫర్‌లకు సాటి లేదు. 1949లో తన పరిచారిక కాన్పులో చనిపోయిందన్న దుఃఖంతో రాకుమారి నీలోఫర్ పట్టుబట్టబట్టే ఆమె పేరిట ఆస్పత్రి వెలిసిందన్నది ఇక్కడ చదివే ప్రతి విద్యార్థీ తెలుసుకోదగ్గ సంగతి. నేర్చినదాన్ని వాడనిచ్చే ఏర్పాటుకు కూడా ఈ నగరంలోనే దారి ఉంది. ప్రసూతి ఆస్పత్రులు నడిపే ఫెర్నాండెజ్ ఫౌండేషన్ తోడ్పాటుతో తెలంగాణ ప్రభుత్వం 2017లో నర్సులకు ఏడాదిన్నర మిడ్‌వైఫ్ శిక్షణ మొదలుపెట్టింది. మామూలు కాన్పును మిడ్‌వైఫ్ నడిపించి, తేడా వచ్చినప్పుడు షిఫ్టులో ఉన్న డాక్టరును పిలిస్తే ఎవరూ ఒంటరిగా తెల్లవార్లూ మేలుకోనక్కర్లేదు. నలుగురైదుగురు డాక్టర్లు కలిసి, మత్తు డాక్టరును రాత్రంతా అక్కడే ఉంచుకుని ప్రాక్టీసు పెట్టుకుంటే ఆదాయం పంచుకోవాల్సి వస్తుంది, నిజమే. సొంత నర్సింగ్‌హోమ్ కల ఉన్నవారికి అది కష్టంగానే ఉంటుంది. అయినా నేను ఆ దారినే సిఫారసు చేస్తాను.

కాబట్టి కౌన్సెలింగ్‌కు వెళ్లే ముందు ఆ కాలేజీలో చదువుతున్న పీజీలను కలవండి. మూడో ఏడు వచ్చేసరికి సొంతంగా ఎన్ని వాక్యూమ్ కాన్పులు చేశారో అడగండి. మొదటిది సిజేరియన్ అయిన తల్లి రెండోసారి నొప్పులతో వస్తే ఆ యూనిట్‌లో నార్మల్‌కు ప్రయత్నిస్తారా, నేరుగా థియేటర్‌కు పంపుతారా అడగండి. రాత్రి రెండింటికి లేబర్ రూంలో పీజీతో పాటు అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉంటారా, ఫోన్‌లోనే ఉంటారా అన్నది కూడా.