పాస్‌వర్డ్‌ని బిల్డ్ ఆర్గ్యుమెంట్‌లో పెట్టకండి

సాఫ్ట్‌వేర్‌ని దానికి కావాల్సినవన్నీ కలిపి 'ఇమేజ్' అనే ఒకే ప్యాకెట్‌గా కట్టే డాకర్ గురించి మీ వ్యాసం చదివాను. డేటాబేస్ పాస్‌వర్డ్‌ని బిల్డ్ ఆర్గ్యుమెంట్‌గా (ఇమేజ్ కట్టేటప్పుడు ఇచ్చే విలువ, డాకర్‌ఫైల్‌లో 'ఆర్గ్') పంపితే అది ఇమేజ్‌లో మిగలదని అందులో రాశారు. దయచేసి ఆ ఒక్క వాక్యం సరిదిద్దండి. 'ఆర్గ్' విలువ కంటైనర్ (ఇమేజ్ నుంచి మొదలయ్యే ప్రోగ్రామ్) నడిచేటప్పుడు ఉండదన్నది నిజమే. కానీ డాకర్‌ఫైల్‌లో దాని కింద, బిల్డ్‌లో ఆదేశం నడిపే 'రన్' వరుస ఒకటి ఉంటే చాలు, ఇమేజ్ ఎలా కట్టారో చూపే 'డాకర్ హిస్టరీ' కొట్టినవాళ్లకి పాస్‌వర్డ్ పొల్లుపోకుండా కనబడుతుంది.

మేం నెల్లూరులో రొయ్యల మేత దుకాణాలకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేస్తాం. మొదట్లో మేమూ ఇలాగే చేశాం. కావలిలో ఒక దుకాణానికి ఇమేజ్ ఇచ్చేశాక, సైజు ఎందుకు పెరిగిందా అని హిస్టరీ చూస్తే పాస్‌వర్డ్ ఎదురుగా ఉంది! ఆ రాత్రి పడిన టెన్షన్ ఇంతా అంతా కాదు. తెల్లారేలోపు అన్ని దుకాణాల పాస్‌వర్డ్‌లూ మార్చాం.

ఇప్పుడు ఇమేజ్ అందరికీ ఒకటే. బేస్ ఇమేజ్ (మా ఇమేజ్‌కి పునాది) వెర్షన్ లాంటివి మాత్రమే ఆర్గ్‌లో ఉంటాయి. దుకాణం పేరు, డేటాబేస్ చిరునామా, పాస్‌వర్డ్ నడిపేటప్పుడు ఎన్వ్ ఫైల్ (సెట్టింగ్‌ల విలువలు రాసే ఫైల్) నుంచి ఇస్తాం. కంటైనర్ నడిచే సర్వర్‌లో, దాని వివరాలు చూపే 'డాకర్ ఇన్‌స్పెక్ట్' కొట్టగలిగేవాళ్లకి అవీ కనబడతాయి గానీ, ఇమేజ్‌తో పాటు ఊళ్లు తిరగవు. బిల్డ్ సమయంలోనే రహస్యం కావాల్సొస్తే బిల్డ్‌కిట్‌లో (డాకర్ బిల్డ్ ఇంజిన్) రహస్యాన్ని ఇమేజ్‌లో మిగల్చకుండా అందించే సీక్రెట్ మౌంట్ ఉంది, దాని గురించి కూడా రాయండి.

ఇంకోటి, 'డాకర్ రన్'కి ఇచ్చే ఎన్వ్ ఫైల్‌లో విలువల చుట్టూ కోట్స్ పెట్టకండి. వాటినీ విలువలో భాగంగానే తీసుకుంటుంది. మాకు దుకాణం పేరు బిల్లు మీద కోట్స్‌తో సహా అచ్చయింది.