ఎవరికీ అక్కర్లేదని తేలిందా? ఇక అమ్ముకోవచ్చు

అమెరికా బేస్‌బాల్‌లో జట్లు ఆటగాళ్లను అమ్ముకోవడానికి ఆగస్టు వేవర్స్ అనే పద్ధతి ఒకటి ఉండేది. 2018 సీజన్‌తో దాన్ని ఎత్తేశారు. అంత గొప్ప వ్యవస్థ కన్నుమూస్తే ఒక సంతాప తీర్మానం లేదు, ఒక స్మారక సంచిక లేదు. ఆ లోటు తీర్చడానికే ఈ వ్యాసం. లోకంలో ఎక్కడైనా సరుకుకు గిరాకీ ఉంటే అమ్ముతారు. గిరాకీ లేదని ముందుగా రుజువు చేసుకుని, ఆ రుజువు చేతపట్టుకుని, అప్పుడు అమ్మకానికి బయలుదేరే ఉన్నత దశకు చేరిన వ్యాపారం నాకు తెలిసి ఇదొక్కటే.

క్రికెట్ చూస్తూ పెరిగిన మనకు కొంత నేపథ్యం అవసరం. మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో 30 జట్లు, అవి మళ్లీ రెండు లీగ్‌లుగా. ఒక్కో జట్టుకు సీజన్‌లో 162 మ్యాచ్‌లు. వసంతంలో మొదలై సెప్టెంబరు చివరిదాకా దాదాపు ప్రతిరోజూ ఆటే. అక్టోబరులో ప్లేఆఫ్స్, ఆ పైన విజేతను తేల్చే వరల్డ్ సిరీస్. ఐపీఎల్ వేలంలో ఎవరు ఏ జట్టుకు పోతే సీజన్ ముగిసేదాకా ఆ చొక్కాలోనే ఉంటారని మన లెక్క. అక్కడ అలా కాదు. సీజన్ నడుమనే ఆటగాళ్లు చేతులు మారుతుంటారు. సోమవారం ఎవరి వికెట్టు కోరుకున్నామో, బుధవారం వాడి పేరే రాసిన చొక్కా తొడుక్కుని చప్పట్లు కొట్టాలి. వికెట్టు అన్నది అలవాటు కొద్దీ వచ్చిన మాట, అక్కడి అభిమానులు మన్నించాలి.

ఈ చేతులు మారడానికి ఒక గడువు ఉండాలన్న జ్ఞానం 1922లో కలిగింది. ఆ వేసవిలో న్యూయార్క్ యాంకీస్, సెయింట్ లూయిస్ బ్రౌన్స్ నువ్వా నేనా అన్నట్టు పోటీ పడుతున్నాయి. జులై చివర్లో యాంకీస్ పర్సు తెరిచి, బోస్టన్ రెడ్ సాక్స్ నుంచి జో డ్యూగన్ అనే మూడో బేస్ ఆటగాడిని తెచ్చుకుంది. చివరికి ఒకే ఒక్క మ్యాచ్ తేడాతో గట్టెక్కింది. సెయింట్ లూయిస్ గగ్గోలు పెట్టింది. డబ్బున్న జట్టు చివరి మలుపులో గుర్రాన్ని మార్చుకుంటే ఇక పందెం ఎందుకని అడిగింది. అడగవలసిన ప్రశ్నే. మరుసటి ఏడాది నుంచి జూన్ 15 గడువు వచ్చింది. 1986లో దాన్ని జులై 31కి జరిపారు. గడువు దాటితే అమ్మకాలు ఆగిపోవాలి కదా అని మీరు అనుకుంటే మీకు కార్యాలయాల అనుభవం తక్కువని అర్థం. నిషేధం అన్నాక దానికో దొడ్డిదారి, ఆ దారికో గుమాస్తా, ఆ గుమాస్తాకో రిజిస్టరు ఉండి తీరాలి. ఆ దొడ్డిదారి పేరే వేవర్స్.

అది నడిచే తీరు ఇది. ఆగస్టులో ఆటగాడిని అమ్మదలచిన జట్టు ముందుగా అతన్ని వేవర్స్‌లో పెడుతుంది. అంటే, ఇతనిపై హక్కు వదులుకోవడానికి మేము సిద్ధం, కావలసినవాళ్లు చెప్పండి అని మిగతా 29 జట్లకు కబురు పంపుతుంది. జవాబుకు 47 గంటల వ్యవధి, అదీ పనిదినాల్లో. ఎవరూ నోరు మెదపకపోతే ఆటగాడు పరీక్ష పాసైనట్టు. ఆ మీదట అతన్ని ఎవరికైనా అమ్మవచ్చు, అప్పటిదాకా నోరు మెదపని ఆ 29 జట్లలో దేనికైనా సరే. ఎవరైనా క్లెయిమ్ చేశారా, అప్పుడు ఆ ఒక్క జట్టుతోనే బేరం. కుదరకపోతే, అబ్బే, ఊరికే అన్నాం అని ఆటగాడిని వెనక్కి తీసుకోవచ్చు. అదీ వద్దనుకుంటే మిగిలిన జీతం బాధ్యతతో సహా అతన్ని క్లెయిమ్ చేసినవాళ్ల నెత్తిన పెట్టి చేతులు దులుపుకోవచ్చు. బేరానికి ఇచ్చే సమయం 48 గంటల 30 నిమిషాలు. ఆ అరగంట ఏ మహానుభావుడి సూచనో గానీ, అది లేకపోతే ఎన్ని బేరాలు తప్పిపోయేవో.

ఇద్దరు ముగ్గురు క్లెయిమ్ చేస్తే? ఆటగాడున్న లీగ్‌లో పట్టికలో అట్టడుగున ఉన్న జట్టుకు మొదటి హక్కు. ఆ లీగ్ మొత్తం వద్దనుకున్నాకనే రెండో లీగ్ వంతు, అక్కడా అడుగు నుంచే. బలహీనుడికి ముందు వడ్డించాలన్న ఈ సూత్రాన్ని ఆ దేశంలో మరే రంగంలో ప్రతిపాదించినా కమ్యూనిస్టు అని ముద్ర వేస్తారు. ఇక వెనక్కి తీసుకునే సౌకర్యం ఒక్కసారికే. అదే ఆటగాడిని రెండోసారి పెడితే మాట తప్పడం కుదరదు. మొత్తం శాసనంలో నాకు బాగా నచ్చిన నిబంధన ఇదే.

జాబితా పరమ రహస్యం. ఎవరు పెట్టారో, ఎవరు అడిగారో బయటికి పొక్కకూడదని కట్టడి. ఆ రహస్యం ఎంత భద్రమంటే, 2018 ఆగస్టులో వాషింగ్టన్ నేషనల్స్ తన స్టార్ బ్యాటర్ బ్రైస్ హార్పర్‌ను వేవర్స్‌లో పెట్టిందని, లాస్ ఏంజిలిస్ డాడ్జర్స్ క్లెయిమ్ చేసిందని, వాషింగ్టన్ వెనక్కి తీసుకుందని పత్రికల్లో చదివి తెలుసుకోవలసి వచ్చింది. అసలు ఎవరిని అమ్మదలచారో ప్రత్యర్థులకు తెలియకూడదని జట్లు దాదాపు తమ ఆటగాళ్లందరినీ ఈ జాబితాలోకి తోసేవి. ఆ గుంపులో నిజంగా అమ్మకానికి ఉన్నవాడు ఎవరో కనిపెట్టుకోవడం పక్కవాళ్ల పని. ఆటగాడికి మాత్రం, నిన్ను పెట్టింది కేవలం లాంఛనానికే నాయనా, మనసులో ఏమీ పెట్టుకోకు అని సముదాయింపు.

ఇప్పుడు ఈ పరీక్షలో ఎవరు పాసయ్యేవారో చూడాలి. పడుచువాడు, బాగా ఆడేవాడు, తక్కువ జీతానికి దొరికేవాడు జాబితాలో కనబడితే అడుగున ఉన్న జట్టు తటాలున చేయి చాపుతుంది. అతను తప్పాడు. ఫామ్ పడిపోయినవాడు, మోకాలు సహకరించనివాడు, కాంట్రాక్టులో ఇంకా కోట్ల డాలర్లు రావలసి ఉన్నవాడు కనబడితే 29 జట్లూ కిటికీలోంచి ఆకాశం వైపు చూస్తాయి. అతను పాస్. కాబట్టి ఆగస్టులో స్వేచ్ఛగా ఊళ్లు తిరిగే భాగ్యం, ప్రతిభకు మించిన జీతం సంపాదించుకున్నవారికే దక్కేది. కష్టపడి ఆడితే కలిగే నష్టాల్లో ఇదొకటి.

ఈ సూత్రానికి శాశ్వత కీర్తి తెచ్చినవాడు జస్టిన్ వెర్లాండర్. 2017 ఆగస్టులో డెట్రాయిట్ టైగర్స్ పిచర్, అంటే మన భాషలో బౌలర్. ఏడాదికి 2.8 కోట్ల డాలర్ల జీతం, పైగా మరో రెండేళ్ల కాంట్రాక్టు. ఎవరూ అడగలేదు. 29 జట్లలో ఒక్కటి కూడా! ఆ విధంగా అర్హత సాధించాక, ఆగస్టు 31 అర్ధరాత్రి గడువుకు కొన్ని క్షణాల ముందు అతను హ్యూస్టన్ ఆస్ట్రోస్‌కు బదిలీ అయ్యాడు. తన ఇష్టం లేకుండా ఎక్కడికీ పంపకూడదన్న షరతు అతని కాంట్రాక్టులో ఉంది కాబట్టి, సరే అనడానికి చివరి నిమిషం దాకా తీసుకున్నాడు. సెప్టెంబరులో అయిదు మ్యాచ్‌లు మొదలుపెట్టి అయిదూ గెలిచాడు. ఆస్ట్రోస్ వరల్డ్ సిరీస్ ఎత్తుకుపోయింది. హ్యూస్టన్ చుట్టుపక్కల ఉన్న మన తెలుగు కుటుంబాలకు ఆ నవంబరు ఊరేగింపు ఇంకా గుర్తుండే ఉంటుంది. ఆ ఏడాది ఆస్ట్రోస్ కెమెరాలతో ఎదుటివారి సైగలు దొంగిలించిందని తర్వాత బయటపడింది, అది వేరే పురాణం. మన విషయానికి వస్తే, ఆస్ట్రోస్ కూడా ఆ ఆగస్టులో క్లెయిమ్ చేయకుండా ఆకాశం చూసిన జట్లలో ఒకటని మరచిపోకూడదు.

అడగకపోవడంలో ఇంత లాభం ఉన్నప్పుడు కొందరు ఎందుకు అడిగేవారు? మనకు అవసరం లేకపోయినా పక్కవాడికి దక్కకూడదని. ఇది మానవ సహజం, దీనికి బేస్‌బాల్‌ను నిందించి లాభం లేదు. 1998 ఆగస్టులో శాన్ డియెగో పాడ్రేస్ చేసింది ఇదే. టొరాంటో జట్టు ర్యాండీ మయర్స్ అనే ఎడమచేతి పిచర్‌ను జాబితాలో పెట్టింది. అతను అట్లాంటా చేతికి చిక్కితే తమ కొంప మునుగుతుందని పాడ్రేస్ భయం. ఎలాగూ టొరాంటో వెనక్కి తీసుకుంటుందిలే అన్న ధీమాతో క్లెయిమ్ చేసింది. టొరాంటో పరమానందంగా మయర్స్‌ను, 2000 దాకా ఉన్న అతని కాంట్రాక్టును కలిపి అప్పగించింది. మాటవరసకు భోంచేసి వెళ్లమంటే చుట్టం పెట్టె దించి రెండేళ్లు ఉండిపోయినట్టు అయింది. మయర్స్ ఆ సీజన్ చివర్లో కొంత ఆడాడు. తర్వాత భుజం దెబ్బతిని మళ్లీ మేజర్ లీగ్‌లో బంతి వేయలేదు. కోటి డాలర్లకు పైగా చెల్లింపులు మాత్రం నెల తప్పకుండా సాగాయి. ఆ ధనంతో పాడ్రేస్ కొన్నది మయర్స్‌ను కాదు, అట్లాంటాకు మయర్స్ లేకపోవడాన్ని. లేకపోవడానికి అంత ధర పలికిన సరుకు ఆ ఆటలో మరొకటి ఉన్నట్టు లేదు.

యాంకీస్ కూడా 2000లో ఇదే దారిలో హోసే కాన్సెకోను క్లెయిమ్ చేసి, టాంపా బే నిజంగానే ఇచ్చేయడంతో ఏం చేయాలో తెలియక నిలబడింది. అంత పేరున్న హిట్టర్‌కు ఆ ఏడాది వరల్డ్ సిరీస్‌లో ఒక్కసారి బ్యాటు పట్టే అవకాశం ఇచ్చారు. స్ట్రైకౌట్ అయి కూర్చున్నాడు. విజేతల్లో ఒకడిగా మిగిలాడు. 2009లో షికాగో వైట్ సాక్స్ అలెక్స్ రియోస్‌ను క్లెయిమ్ చేస్తే, టొరాంటో తిరిగి ఏమీ అడగకుండా అతన్ని, దాదాపు 6 కోట్ల డాలర్ల బాకీని కలిపి పంపించింది. టొరాంటో వాళ్ల అతిథి మర్యాదలు అలాంటివి.

అయితే పెద్ద ఎత్తున ఇల్లు ఖాళీ చేసిన ఘనత 2012 నాటి బోస్టన్ రెడ్ సాక్స్‌ది. ఆగస్టు 25న ఏడ్రియన్ గొంజాలెజ్, జాష్ బెకెట్, కార్ల్ క్రాఫర్డ్, నిక్ పుంటో నలుగురినీ డాడ్జర్స్‌కు పంపింది. వాళ్లతోపాటు వెళ్లిన జీతాల బరువు 26 కోట్ల డాలర్ల పైచిలుకు. వీరిలో క్రాఫర్డ్‌ది ప్రత్యేక అధ్యాయం. ఏడేళ్లకు 14.2 కోట్ల కాంట్రాక్టు, ఇంకా అయిదేళ్లు మిగిలి ఉంది. ఆ వారంలోనే మోచేతికి శస్త్రచికిత్స అయింది, కట్టు ఇంకా విప్పలేదు. అమ్మకానికి ఇంతకన్నా అర్హుడు ఎవరుంటారు? డాడ్జర్స్‌ను అదే ఏడాది కొత్త యజమానులు రెండు వందల కోట్ల డాలర్లకు కొన్నారు. కొత్తగా డబ్బు వచ్చినవాడు బజారుకు వెళితే ఏం జరుగుతుందో అదే జరిగింది. ఆ ఏడాది డాడ్జర్స్ ప్లేఆఫ్స్‌కు చేరలేదు. భారం దించుకున్న బోస్టన్ మాత్రం మరుసటి ఏడాదే వరల్డ్ సిరీస్ గెలిచింది.

ఇంత పకడ్బందీ తనిఖీలో ఒక చిన్న వెసులుబాటు ఉండేది. వేవర్స్ గేటు దాటవలసింది జట్టులోని నమోదైన 40 మంది జాబితాలో ఉన్నవారే. కింది స్థాయి మైనర్ లీగ్ కుర్రాళ్లకు ఏ తనిఖీ లేదు. 1987 ఆగస్టులో డెట్రాయిట్ 36 ఏళ్ల పిచర్ డోయల్ అలెగ్జాండర్‌ను అట్లాంటా నుంచి తెచ్చుకుంది. అతను తొమ్మిది గెలిచి ఒక్కటీ ఓడకుండా జట్టును ప్లేఆఫ్స్‌కు చేర్చాడు. బదులుగా వెళ్లిన 20 ఏళ్ల మైనర్ లీగ్ కుర్రాడి పేరు జాన్ స్మోల్ట్జ్. 1990 ఆగస్టు 30న బోస్టన్ 37 ఏళ్ల లారీ ఆండర్సన్‌ను హ్యూస్టన్ నుంచి తెచ్చి 22 ఇన్నింగ్స్ (అక్కడ ఒక్కో మ్యాచ్‌కే తొమ్మిది) వేయించుకుంది, సీజన్ అవగానే అతను వేరే జట్టుకు వెళ్లిపోయాడు. అందుకు ఇచ్చిన 22 ఏళ్ల కుర్రాడు జెఫ్ బాగ్వెల్, తర్వాత హ్యూస్టన్‌కు 15 సీజన్లు ఆడి 449 హోమ్ రన్లు కొట్టాడు. ఇద్దరు కుర్రాళ్లూ ఇప్పుడు హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉన్నారు. ముసలివాళ్లను గేటు దగ్గర ఆపి, లీగంతటికీ చూపించి, 47 గంటలు లెక్కపెట్టి మరీ వదిలారు. అసలు సొత్తు పక్క సందులోంచి వెళ్లిపోయింది. ఇది వైఫల్యం కాదు, విధానమే అంత.

2019లో లీగ్, ఆటగాళ్ల సంఘం కలిసి ఈ తతంగానికి స్వస్తి చెప్పాయి. ఒకే గడువు, ఆ తర్వాత బేరాలు లేవు. వేవర్స్ మాత్రం ఉన్నాయి, కాకపోతే వెనక్కి తీసుకునే వీలు లేకుండా. అంటే ఆగస్టులో అమ్మడం తప్పు, ఊరికే ఇచ్చేయడం ఒప్పు. నీతి ఒక మెట్టు పైకెక్కిందన్నమాట.

ఆ నీతిని పూర్తిగా ఆచరించి చూపింది లాస్ ఏంజిలిస్ ఏంజెల్స్. 2023 జులైలో ఆ జట్టు, ఆ సీజన్‌తో కాంట్రాక్టు ముగుస్తున్న తన స్టార్ షోహెయ్ ఒటానీని అమ్మకూడదని, కప్పు కొట్టాలని తీర్మానించింది. జులై 26న తన మంచి కుర్రాళ్లను ఇచ్చి షికాగో నుంచి లూకాస్ జియోలీటో, రేనాల్డో లోపెజ్ అనే పిచర్లను తెచ్చుకుంది. ఆగస్టు నిండా ఓటములే. ఒటానీ మోచేయి కూడా దెబ్బతింది. ఆగస్టు 29న ఆ ఇద్దరితో కలిపి ఆరుగురిని వేవర్స్‌లో పెట్టేసింది. జీతాల మొత్తం 23.3 కోట్ల డాలర్లు దాటితే విలాస పన్ను పడుతుంది. ఒటానీ వెళ్లిపోతే పరిహారంగా దక్కే కొత్త కుర్రాడి ఎంపిక కూడా వెనకబడుతుంది. నెల కిందట కప్పు కోసం పెట్టిన ఖర్చును ఇప్పుడు పన్ను కోసం వదిలించుకున్నారు. క్లీవ్‌లాండ్ ముగ్గురు పిచర్లను పైసా బేరం లేకుండా పట్టుకుపోయింది. మరో ఇద్దరు సిన్సినాటికి, సియాటిల్‌కు. క్లీవ్‌లాండ్, సిన్సినాటి, సియాటిల్ మూడూ ప్లేఆఫ్స్‌కు చేరలేదు. ఒటానీ డిసెంబరులో 70 కోట్ల డాలర్లకు అదే మహానగరంలోని డాడ్జర్స్‌కు వెళ్లిపోయాడు.

పాత వెసులుబాటు పూర్తిగా పోయిందని బాధపడనక్కర్లేదు. ఆటగాళ్లకు రద్దయినా యజమానులకు అది చెక్కుచెదరకుండా ఉంది. ఇదే ఏంజెల్స్ యజమాని ఆర్టీ మొరేనో 2022 ఆగస్టులో జట్టును అమ్మే ఆలోచనలో ఉన్నానని ప్రకటించాడు. కొనేవాళ్లు వచ్చి చూశారు, లెక్కలు వేశారు. 2023 జనవరిలో అబ్బే, అమ్మడం లేదని వెనక్కి తీసుకున్నాడు. పూర్తిగా నిబంధనల ప్రకారమే. రెండోసారి పెట్టినప్పుడు వెనక్కి తీసుకోవడం కుదరదని ఏంజెల్స్ అభిమానులు ఆయనకు ఎవరిచేతనైనా చెప్పిస్తే బాగుంటుంది. లేదా, ఇంకా మంచిది, చెప్పకుండా ఊరుకోవాలి.